నిర్దోషే, కానీ ఇంటికి పోలేడు

2021 జనవరి చివరి వారం గుర్తుందా? మదనపల్లె. బాగా చదువుకున్న తల్లిదండ్రులు, ఎదిగిన ఇద్దరు ఆడపిల్లల చావు, పోలీసుల మధ్య నిలబడి ఆ తల్లి మాట్లాడిన మాటలు. ఆ వీడియో మా ఆఫీసు గ్రూపులోకి ఒకే రోజు నాలుగుసార్లు వచ్చింది. రెండో రోజుకి మీమ్స్ కూడా తయారయ్యాయి. నేను కూడా ఒకటి ఫార్వర్డ్ చేశా. అబద్ధం చెప్పను.

తర్వాత ఏం జరిగిందో మాత్రం ఏ గ్రూపులోనూ రాలేదు. వాళ్ళిద్దర్నీ మదనపల్లె సబ్‌జైలు నుంచి పరీక్షల కోసం తిరుపతి తీసుకెళ్ళారు. అక్కడి డాక్టర్ల సలహా మీద విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాలకు పంపారు. రాయలసీమలో ఒక మూల నుంచి ఉత్తరాంధ్ర సముద్రం ఒడ్డుకి, 800 కిలోమీటర్ల పైనే.

"హత్య కేసులో జైలుకి పంపాలి గానీ ఆస్పత్రికెందుకు బ్రో?" అని మా టీంలో ఒకడు అడిగాడు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. కొన్నేళ్ళ తర్వాత అదే ప్రశ్నని తిరగేసి మా ఊళ్ళో ఒక పెద్దమ్మ అడిగింది. "మావాడు జైల్లో ఉండాడా, ఆస్పత్రిలో ఉండాడా నాయనా? ఎవుర్నడిగినా సక్కంగా చెప్పరు."

ఈ వారం కాలమ్ ఆమె ప్రశ్నకి జవాబు. నాకు అర్థమైనంత వరకు.

మా వీధి కథ

మాది అనంతపురం జిల్లాలో ఒక చిన్న ఊరు. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా మాదేనని స్కూల్లో చదువుకున్నాం, అదేదో గొప్ప విషయమైనట్టు. పెద్దమ్మ కొడుకు నాకంటే ఆరేళ్ళు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి. నాకు సైకిల్ నేర్పింది ఆయనే.

ఇరవై మూడేళ్ళ వయసులో అన్నకి చెవిలో మాటలు వినపడటం మొదలైంది. గాలి సోకిందన్నారు. కసాపురం ఆంజనేయస్వామి గుళ్ళో నిద్ర చేయించారు. పెనుకొండ దర్గాకి తీసుకెళ్ళారు. ఆఖరికి వాళ్ళ చిన్నాయన బెంగళూరులో పెద్దాస్పత్రికి తీసుకెళ్తే, అది స్కిజోఫ్రీనియా అనే జబ్బని, మాత్రలు వాడితే అదుపులో ఉంటుందని డాక్టర్లు చెప్పారు. అన్న మాత్రలు వాడాడు. రెండేళ్ళు బాగున్నాడు. శెనక్కాయ పీకడానికి పోయేవాడు, సాయంత్రం రచ్చకట్ట దగ్గర మాతో కూర్చునేవాడు.

నెలకోసారి ఆయన్ని బస్సులో బెంగళూరుకి తీసుకెళ్ళింది చిన్నాయనే. ఆస్పత్రి చీటీలన్నీ వరసగా ఒక రేకు డబ్బాలో దాచేవాడు. ఒక ఏడు పంట పూర్తిగా పోయింది. చిన్నాయన కూలికి కేరళ వైపు వెళ్ళాడు. మాత్రలు అయిపోయాయి. "ఇప్పుడు బాగానే ఉండాడు కదా" అనుకున్నారు ఇంట్లో. నాలుగు నెలలు గడిచాయి.

చిన్నాయన తిరిగొచ్చిన వారానికే, రాత్రిపూట చేన్లో ఒంటరిగా కూర్చున్న అన్నని ఇంటికి పిలుచుకొద్దామని వెళ్ళాడు. వచ్చింది చిన్నాయన కాదు, తనని చంపడానికి ఎవరో ఆయన వేషంలో వచ్చారని అన్నకి అనిపించింది. చేతిలో గడ్డపార ఉంది.

అంతకంటే రాయను.

మూడు దారులు

మానసిక జబ్బున్న మనిషి నేరం కేసులో ఇరుక్కుంటే చట్టంలో మూడు దారులున్నాయి. ఈ మూడూ కలగలిపి మాట్లాడటం వల్లే పెద్దమ్మకి ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు.

మొదటిది, విచారణకే పనికిరాని పరిస్థితి. తన మీద కేసేంటో, లాయరు ఏం అడుగుతున్నాడో అర్థం కాని మనిషిని బోనులో నిలబెట్టి విచారణ చేయడం అన్యాయం. అందుకే కోర్టు విచారణని ఆపి వైద్యానికి పంపుతుంది. బాగయ్యాక కేసు ఆగిన చోటి నుంచి మళ్ళీ మొదలవుతుంది. ఇది నిర్దోషి అని చెప్పడం కాదు, పాజ్ బటన్ నొక్కడం. పాత నేర విచారణ చట్టంలో ఇవి 328 నుంచి మొదలయ్యే సెక్షన్లు. 2024 జూలై 1న వచ్చిన కొత్త చట్టంలో 367 నుంచి.

రెండోది, నేరం జరిగిన క్షణంలో మనసు పరిస్థితి. పాత శిక్షాస్మృతిలో 84వ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 22. తను చేసేదేంటో, అది తప్పో చట్టవిరుద్ధమో తెలుసుకోలేని స్థితిలో ఉండి చేస్తే అది నేరం కాదు. జబ్బు ఉందంటే చాలదు. ఆ నిమిషంలో ఆ జబ్బు ఆ మనిషి తెలివిని కప్పేసిందని చూపించాలి. డాక్టరు దృష్టిలో జబ్బు వేరు, చట్టం దృష్టిలో జబ్బు వేరు అని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. రుజువు చేసుకోవాల్సిన భారం నిందితుడిదే. కాకపోతే అనుమానానికి తావు లేనంత గట్టిగా అక్కర్లేదు, అలా జరిగే అవకాశమే ఎక్కువని చూపిస్తే చాలని 1964లోనే తీర్పుంది.

మూడోది, జైలుకెళ్ళాక జబ్బు రావడం లేదా ఉన్న జబ్బు ముదరడం. ఇది మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువ. బెంగళూరు పరప్పన అగ్రహార జైల్లో నిమ్హాన్స్ డాక్టర్లు 5,024 మంది ఖైదీల్ని పరీక్షించి 2011లో నివేదిక ఇచ్చారు. మద్యం, పొగాకు, మత్తు అలవాట్లన్నీ పక్కన పెట్టి చూసినా 27.6 శాతం మందికి ఏదో ఒక మానసిక జబ్బు ఉంది. అంటే ప్రతి నలుగురిలో ఒకరికి మించి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 103వ సెక్షన్ వీళ్ళ కోసమే. ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలోనైనా మానసిక చికిత్స కేంద్రం ఉండాలంటుంది.

మా అన్న మొదటి రెండు దారుల్లో నడిచాడు. ముందు విచారణ ఆగింది. ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో చికిత్స జరిగింది. తేరుకున్నాక విచారణ మొదలైంది. అప్పుడు తెలిసిందంట ఆయనకి, తను కొట్టింది ఎవర్నో. ఆ మాట పెద్దమ్మ చెప్పింది. "బాగుపడినాకే ఏడ్చినాడు నాయనా. బాగుకాకపోయింటేనే మేలేమో అనిపించింది."

విచారణలో ఆయన్ని కాపాడింది ఆ రేకు డబ్బా. ఏ తేదీన ఏ డాక్టరు ఏం రాశాడో, ఏ నెల నుంచి చీటీలు ఆగిపోయాయో అన్నీ అందులో ఉన్నాయి. ఆ డబ్బా ఉన్నది చిన్నమ్మ దగ్గర. చనిపోయినాయన భార్య దగ్గర. ఆమె దాన్ని లాయరు చేతికిచ్చింది.

కోర్టు నిర్దోషి అంది.

అయితే ఇంటికి రావాలి కదా?

మామూలు కేసులో నిర్దోషి అంటే సాయంత్రానికి ఇంట్లో ఉంటారు. ఇక్కడ అలా కాదు. పాత చట్టం 335, కొత్త చట్టం 374 సెక్షన్ ప్రకారం, పని చేసింది ఈయనే, కానీ మతి స్థిమితం లేక చేశాడని తేలితే కోర్టు ముందు రెండే ఆప్షన్లు. భద్రమైన చోట, అంటే చాలాసార్లు మానసిక ఆస్పత్రిలో, ఉంచడం. లేదా బంధువుకో స్నేహితుడికో అప్పగించడం. అప్పగించాలంటే ఆ బంధువు దరఖాస్తు పెట్టుకోవాలి. ఈయన్ని సరిగ్గా చూసుకుంటానని, తనకి గానీ ఇతరులకి గానీ హాని జరగనివ్వనని పూచీ ఇవ్వాలి.

ఎవరూ రాకపోతే? అక్కడే ఉంటాడు. శిక్ష పడ్డ ఖైదీకి విడుదల తేదీ అని ఒకటుంటుంది, గోడ మీద గీతలు గీసి లెక్కపెట్టుకోవచ్చు. ఈయనకి లెక్కపెట్టడానికి తేదీ లేదు. కోడ్ రాసేవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ఎగ్జిట్ కండిషన్ వేరేవాళ్ళ చేతిలో ఉన్న లూప్.

ఈ లూప్ ఎంత దూరం పోగలదో మన దేశ చరిత్రే చెప్తుంది. బీహార్‌లో రుదుల్ సాహ్‌ని 1968లో కోర్టు నిర్దోషి అంది. బయటికొచ్చింది 1982లో. 14 ఏళ్ళు ఎందుకుంచారంటే మతి స్థిమితం లేదు కాబట్టి అని జవాబిచ్చారు. దానికి సరైన రుజువే చూపలేకపోయారు. 1983లో సుప్రీంకోర్టు ఆయనకి పరిహారం ఇప్పించింది. అక్రమ నిర్బంధానికి పరిహారం అనే మాట మన రాజ్యాంగ న్యాయంలో గట్టిగా నిలబడింది ఆ కేసుతోనే.

అస్సాంలో మచాంగ్ లాలుంగ్ కథ ఇంకా ఘోరం. 1951లో అరెస్టయ్యాడు. తేజ్‌పూర్ మానసిక ఆస్పత్రికి పంపారు. 1967లో ఆయన బాగున్నాడని డాక్టర్లు రాశారు. ఆ కాగితం తర్వాత ఇంటికి కాదు, మళ్ళీ జైలుకి పంపారు. విడుదలైంది 2005లో, ఒక్క రూపాయి పూచీకత్తు మీద. 54 ఏళ్ళు. విచారణ ఎప్పుడూ జరగనే లేదు. యవ్వనంలో లోపలికెళ్ళిన మనిషి డెబ్బై దాటాక బయటికొచ్చాడు.

2007లో ఇలాంటి కేసుల్ని విన్న సుప్రీంకోర్టు కొన్ని ఆదేశాలిచ్చింది. ఆస్పత్రి నుంచి కోర్టుకి రిపోర్టులు ఎప్పటికప్పుడు రావాలి, రాకపోతే కోర్టే అడిగి తెప్పించుకోవాలి. ఆ నేరానికి పడగలిగే గరిష్ఠ శిక్షకంటే ఎక్కువ కాలం విచారణ ఖైదీగా గడిపేస్తే కేసు ముగిసినట్టే లెక్క. చదువుతుంటే ఇవి చెప్పాల్సిన విషయాలా అనిపిస్తుంది. చెప్పాల్సి వచ్చింది.

ఈ చట్టానికి మూలం కూడా ఇలాంటి కథే. 1843లో లండన్‌లో డేనియల్ మెక్‌నాటన్ అనే అతను ప్రధానమంత్రి తనని వేధిస్తున్నాడనే భ్రమలో, ప్రధాని అనుకుని ఆయన కార్యదర్శిని కాల్చి చంపాడు. కోర్టు నిర్దోషి అంది. దేశమంతా గగ్గోలు పెట్టింది. ఆ గొడవలోంచి పుట్టిన సూత్రాలే మన 84వ సెక్షన్‌కి ఆధారం. అయితే ఆయన కూడా ఇంటికి పోలేదు. మిగిలిన 22 ఏళ్ళూ మానసిక ఆస్పత్రుల్లోనే గడిపి 1865లో అక్కడే చనిపోయాడు.

దూరం కూడా శిక్షే

మా జిల్లా మనిషికి ఇందులో ఇంకో బాధుంది. విశాఖలోది 1870ల నాటి ఆస్పత్రి, మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నాటిది. హైదరాబాద్ ఎర్రగడ్డ ఆస్పత్రి 2014లో తెలంగాణకి పోయింది. బెంగళూరు నిమ్హాన్స్ అనంతపురానికి 200 కిలోమీటర్ల పైచిలుకు, పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి ఓపీలో ఉంటాం. కానీ మామూలు రోగి రాష్ట్రం దాటినంత తేలిగ్గా కస్టడీలో ఉన్న మనిషి దాటలేడు. కోర్టు ఉత్తర్వు కావాలి, ఎస్కార్టు పోలీసులు కావాలి.

అనంతపురం నుంచి విశాఖకి రైల్లో పోవాలంటే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్. పేరు ప్రశాంతి. దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం. కూలికి పోయే తల్లికి రానూ పోనూ మూడు రోజుల కూలి పోతుంది, చార్జీలు అదనం. చూడ్డానికి ఎవరూ రాని మనిషి ఫైల్లో "బంధువులు ఆసక్తి చూపడం లేదు" అనే మాట చేరడానికి ఎంతసేపు? ఆసక్తి లేక కాదు, ఆధారం లేక.

అసలు బగ్ ఎక్కడుంది?

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మానసిక జబ్బున్న వాళ్ళలో చాలామంది ఎవరికీ హాని చేయరు. దెబ్బలు తినేది, మోసపోయేది, గొలుసులతో కట్టేయించుకునేది ఎక్కువగా వాళ్ళే. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో మంటలంటుకున్నప్పుడు, గొలుసులకి కట్టేసి ఉన్న రోగులు పరిగెత్తలేక కాలిపోయారు. 28 మంది.

మా అన్న కేసులో కూడా బగ్ ఆ రాత్రి పుట్టలేదు. మాత్రలు ఆగిన నాలుగు నెలల్లో పుట్టింది. మండల కేంద్రంలో ఆ మాత్రలు దొరికుంటే, నెలకోసారి ఒక నర్సు ఇంటికొచ్చి అడిగుంటే, చిన్నాయన ఇవాళ బతికుండేవాడేమో. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో మానసిక సమస్యలున్నవాళ్ళలో, జబ్బుని బట్టి, 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు.

ఇందులో మాకు దగ్గరగా ఉన్న ఒక విచిత్రం చెప్తా. పల్లెల్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే మానసిక వైద్యం ఇవ్వొచ్చని దేశానికి చూపించిన ప్రయోగం 1980ల్లో నిమ్హాన్స్ వాళ్ళు చేసింది బళ్ళారి జిల్లాలో. మా పక్క జిల్లా. రాయదుర్గం నుంచి చెయ్యి చాపితే అందేంత దగ్గర. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి మోడల్ అదే. సరిహద్దుకి అవతల పుట్టిన ఆలోచన ఇవతల మా వీధి దాకా రావడానికి దశాబ్దాలు చాల్లేదు.

సంతకం ఎవరు పెడతారు?

పోయిన సంక్రాంతికి ఊరికెళ్ళినప్పుడు పెద్దమ్మ మా ఇంటికొచ్చింది. కాఫీ తాగలేదు. కొంగుముడిలోంచి ఒక కాగితం తీసింది. ఆస్పత్రివాళ్ళు మావాడు బాగున్నాడంటున్నారు, ఎవరైనా పూచీ పడితే పంపిస్తారంట అంది.

"నాకు అరవై దాటినాయి. నా సంతకానికి ఇలువ ల్యాదంటున్నారు. నువ్వు సదువుకున్నోడివి, బెంగళూర్లో ఉద్యోగం. నువ్వు పెడతావా నాయనా?"

"చూస్తాలే పెద్దమ్మా" అన్నాను. మన భాషలో "చూస్తాలే" అంటే ఏంటో మీకు తెలుసు.

నిజం చెప్తున్నా, భయమేసింది. ఆయనంటే కాదు. బెంగళూర్లో కూర్చుని ఊళ్ళో ఆయన మాత్రలు వేసుకుంటున్నాడో లేదో నేనెలా చూస్తాను? ఏదైనా జరిగితే? ఆ సాయంత్రమే చిన్నమ్మ వాకిట్లో నిలబడి ఉంది. పలకరిస్తే ఆమే అంది. "డబ్బా ఇచ్చింది నేనే. వాడు తెలిసి చేయల్యాదని నాకూ తెలుసు. మీ చిన్నాయనకి వాడంటే పానం. అట్లని వాడు ఈ వీధిలో తిరుగుతా ఉంటే నేను చూస్తా కూచోలేనప్పా."

ఆమె మాటకి నా దగ్గర జవాబు లేదు. ఉండాలని కూడా అనుకోవడం లేదు. పెద్దమ్మ బాధా నిజమే, ఆమె బాధా నిజమే. ఆ ఇద్దరి మధ్య ఉన్నవి రెండు గడపలు. అన్నని అప్పగిస్తే వచ్చేది ఆ రెండు గడపల మధ్యకే.

అప్పుడు అర్థమైంది నాకు. మన వ్యవస్థ మొత్తం ఒక సంతకం మీద నడుస్తోంది. ఆస్పత్రి గేటుకీ ఇంటి గడపకీ మధ్య ఏమీ లేదు. ఇంగ్లండ్‌లో ఇలాంటి రోగిని షరతులతో డిశ్చార్జి చేస్తే, డాక్టరు, సోషల్ వర్కరు వెంట ఉండి చూస్తారు, పరిస్థితి మారితే వెనక్కి పిలుస్తారు. మన దగ్గర ఆ డాక్టరు, ఆ సోషల్ వర్కరు, ఆ మాత్రల లెక్క, ఆ పోలీసు రిపోర్టు అన్నీ కలిపి ఒకే మనిషి. అరవై దాటిన తల్లి.

అలాగని చట్టంలో లేదనడానికి లేదు. 2017 చట్టం 19వ సెక్షన్ చదవండి. కుటుంబం లేదనో, వద్దందనో, ఇల్లు లేదనో కారణంగా ఎవర్నీ ఆస్పత్రిలో ఉంచేయకూడదు. అలాంటివాళ్ళ కోసం హాఫ్‌వే హోమ్‌లు, గ్రూప్ హోమ్‌లు ప్రభుత్వమే ఏర్పాటు చేయాలి లేదా సాయం చేయాలి. కాగితం మీద ఎంత బాగుందో. మా జిల్లాలోనే రెడ్డిపల్లిలో ఖైదీలు పొలం చేసుకునే ఓపెన్ ఎయిర్ జైలు ఉంది. శిక్ష పడ్డ వాళ్ళని నమ్మి ఆరుబయట పని చేయనిచ్చే జిల్లా మాది. నిర్దోషి అని తీర్పొచ్చిన రోగికి మాత్రం నాలుగు మంచాల హాఫ్‌వే హోమ్ కావాలంటే ఎటు చూడాలో తెలీదు.

మనం చేయగలిగినవి

పెద్ద ఉపన్యాసం ఇవ్వను. నాలుగే మాటలు.

ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బుకి మందులు నడుస్తుంటే, బాగున్నారని మీరే ఆపేయకండి. ప్రతి చీటీనీ ఫోన్‌లో ఫొటో తీసి దాచండి. మా ఊళ్ళో రేకు డబ్బా చేసిన పని మీ గ్యాలరీ చేస్తుంది.

టెలీ మానస్ నంబరు 14416. రోజంతా ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

మీకు తెలిసినవాళ్ళు ఇలా జైలుకీ ఆస్పత్రికీ మధ్య చిక్కుకుని ఉంటే 15100కి ఫోన్ చేయండి. అది న్యాయసేవల హెల్ప్‌లైన్. ఈ చట్టం కింద ఉచితంగా లాయర్ని పెట్టించుకోవడం వాళ్ళ హక్కు, దయ కాదు.

ఇంకోసారి అలాంటి వీడియో వస్తే ఫార్వర్డ్ చేయకండి. ఆ స్క్రీన్‌లో ఉన్నది ఎవరో ఒకరి అన్న, ఎవరో ఒకరి అమ్మ. చనిపోయినవాళ్ళు కూడా ఎవరో ఒకరి మనుషులు.

ఈ కాలమ్ రాయడానికి సెక్షన్లు చదువుతుంటే ఒక పదం దగ్గర ఆగిపోయాను. బంధువు "లేదా స్నేహితుడు" అని ఉంది. నేను పెద్దమ్మకి బంధువును కాను, నాకు సంబంధం లేదు అని లోపల ఎక్కడో చెప్పుకుంటూ వచ్చాను. చట్టం ఆ తలుపు కూడా మూసేసింది. సైకిల్ నేర్పినాయనకి నేను ఏమవుతానో దానికి తెలుసు.

శనివారం పొద్దున బస్సుకి అనంతపురం వెళ్తున్నా. ముందు లాయర్ని కలవాలి. మందుల బాధ్యత ఎవరిది, ఊళ్ళో కాకుండా వేరే చోట ఆయన ఉండే వీలుందా అని అడగాలి. ఆ తర్వాత చిన్నమ్మ దగ్గరికి పోవాలి. ఆమెని అడక్కుండా సంతకం పెట్టను. పెద్దమ్మకి ఫోన్ చేసి చెప్పాను, శనివారం వస్తున్నానని.

ఈసారి "చూస్తాలే" అనలేదు.